గూడ్సు కదిలేటప్పుడు ఏం వినాలి? డబ్ల్యూజీ ఆవిరి ఇంజన్, వ్యాగ్-9 రివ్యూ

నమస్తే అండీ. ఇంజన్ రివ్యూ అనగానే ముందు స్పీడెంతని అడుగుతారు. గూడ్సు ఇంజన్‌కి అది కాదు పరీక్ష. ఆగిన బండిని కదిలించాలి, అక్కడ తెలుస్తుంది దాని సత్తా. మన నెల్లూరు జిల్లాలో అది చూడాలంటే బిట్రగుంట రండి. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల లోకోషెడ్డుతో పేరుపడ్డ ఊరు. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌లకి దారిచ్చి లూప్ లైన్లో, అంటే స్టేషన్ పక్క లైన్లో, ఆగిన గూడ్సులు మళ్ళీ కదలడం ఇక్కడ చూడొచ్చు.

ముందు పాతది, డబ్ల్యూజీ. 1950లో చిత్తరంజన్ కార్ఖానా నుంచి వచ్చిన మొదటి ఇంజన్ దేశబంధు ఈ రకమే. 1970లో వచ్చిన ఆఖరిదానికి అంతిమ్ సితారా అని పేరు పెట్టారు. లాగే చక్రాలు ఎనిమిది, అంటే నాలుగు ఇరుసులు. ఒక్కో ఇరుసు మీద 18 టన్నులకు పైనే బరువు. రెండు సిలిండర్లు, పిస్టన్‌కి రెండు పక్కలా ఆవిరి తగులుతుంది. అందుకే చక్రం ఒకసారి తిరిగితే నాలుగుసార్లు చుఫ్‌మంటుంది. లాగే బలం కూడా అలాగే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బలం ఎక్కిన క్షణంలో పట్టా తడిగా ఉందా, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. పాత రికార్డింగుల్లో నింపాదిగా వచ్చే చప్పుడు ఉన్నట్టుండి గబగబా కలిసిపోతుంది చూడండి, అదే స్లిప్పు. డ్రైవరు వెంటనే రెగ్యులేటర్ (సిలిండర్లకి ఆవిరి వదిలే వాల్వు) మూసి, పట్టు కోసం పట్టా మీద ఇసుక వదిలి, మళ్ళీ కొద్దికొద్దిగా తెరవాలి. ఆలస్యమైతే పట్టా, చక్రం రెండూ అరుగుతాయి. పొగగొట్టం లాగుడుకి ఫైర్‌బాక్సులో నిప్పు చెదిరిపోతుంది, ఫైర్‌మన్ కష్టమంతా వృథా. ఆ ఇంజన్ లాగే బలం సుమారు పదిహేడున్నర టన్నులు. పట్టా మీద మోపిన బరువులో నాలుగో వంతు కూడా లేదు.

ఇక కరెంటు ఇంజన్ వ్యాగ్-9. బరువు 123 టన్నులు. ఆరు ఇరుసులూ లాగేవే. కదిలేటప్పుడు బలం 460 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 47 టన్నులు. తన బరువులో మూడో వంతు దాటింది. త్రీఫేజ్ మోటార్ల బలం ఎగుడుదిగుడు లేకుండా వస్తుంది. చక్రం జారబోతే కంప్యూటర్ పసిగట్టి బలం తగ్గిస్తుంది. ఇసుక మాత్రం ఇప్పటికీ ఉంది! ఒకటే లోటు, చల్లబరిచే బ్లోయర్ ఫ్యాన్ల హోరులో మోటార్ల స్వరం మునిగిపోతుంది. మోటార్లకి కరెంటు అందించే పాతరకం ఎలక్ట్రానిక్ స్విచ్‌లు (జీటీఓ) ఉన్న వ్యాగ్-9 అయితే కదిలిన మొదటి క్షణాల్లో ఆ స్వరం మెట్లుమెట్లుగా ఎక్కుతుంది, చెవిపెట్టి వినండి. వినడానికి మా ఓటు డబ్ల్యూజీకే, పనికి మాత్రం వ్యాగ్-9కే.

ఇప్పుడు ఒక బొగ్గు గూడ్సు చూడండి. 59 బాక్స్ఎన్‌హెచ్ఎల్ వ్యాగన్లు, నిండితే ఒక్కోటి 91.6 టన్నులు. మొత్తం ఐదు వేల నాలుగు వందల టన్నులు, ఆరొందల మీటర్ల పైన పొడవు. సిగ్నల్ పడ్డా వెంటనే లాగకూడదు. బ్రేక్ పైపులో గాలి 5 కేజీలకి చేరి, ఆ ఒత్తిడి వెనకదాకా అందితేనే బ్రేకులు వదులుతాయి. తొందరపడితే వెనక వ్యాగన్ల బ్రేకులు పట్టుకునే ఉంటాయి, చక్రం తిరగకుండా పట్టా మీద ఈడ్చుకుపోతుంది. ఆ చోట చక్రం చదునవుతుంది. బండి పోతుంటే ఒకే వ్యాగన్ నుంచి టక్ టక్ టక్‌మని వినపడితే అదే కారణం. కాలిన వాసన, పొగ కూడా వస్తే బ్రేకు ఇంకా వదల్లేదని. బండి కదలగానే వ్యాగన్లని కలిపే కప్లింగుల సందులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ ఆ చప్పుడు ముందునుంచి వెనక్కి పరిగెడుతుంది. అది విడివిడిగా, మెల్లగా వినపడితే డ్రైవరు చెయ్యి తిరిగినవాడే. ఒక్కసారిగా ధన్‌మంటే కప్లర్ విరిగే ప్రమాదం ఉంది.

నిండుదా, ఖాళీదా అంటే వ్యాగన్ చక్రాల దగ్గరి స్ప్రింగులు చూడండి. నిండు బండిలో చుట్లు దగ్గరపడి ఉంటాయి. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతూ ఎక్కువ మోత చేస్తుంది.

రికార్డు చేసేవాళ్ళు మైకుకి బొచ్చు తొడుగు వేయండి, సముద్రం గాలి ఎక్కువ. గెయిన్ (మైకు శబ్దం పట్టే స్థాయి) ఆటోలో వదిలితే హారన్‌కి శబ్దం పగిలిపోతుంది, చేత్తో తగ్గించుకోండి. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ రెండు గంటలు చెల్లుతుంది. పట్టాల మీదకి దిగితే 147వ సెక్షన్ కింద కేసు. పైన తీగలో 25 వేల వోల్టులు, సెల్ఫీ స్టిక్ ఎత్తకండి.

కెమెరా ఇంజన్ పోగానే ఆపేయకండి, ఆఖరి వ్యాగన్ దాకా ఉంచండి. చివర బ్రేక్ వ్యాన్ (గార్డు ఉండే పెట్టె) గానీ, ఇదే ఆఖరి పెట్టె అని చెప్పే ఎల్‌వీ బోర్డు గానీ కనపడకపోతే బండి మధ్యలో తెగిందేమో. పరుగున వెళ్ళి స్టేషన్ మాస్టర్‌కి చెప్పండి.