సేవ్ చేయమంటారా అని అడిగే ముందు ప్రోగ్రామ్‌కు ఏం తెలియాలి?

నమస్కారం. ఎక్సెల్‌లో పాత వర్క్‌బుక్ ఒకటి తెరిచి, ఒక్క గడినైనా ముట్టుకోకుండా మూసేయబోతే, మార్పులను సేవ్ చేయమంటారా అని అది అడగడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఏమీ మార్చని మనిషిని ఆ ప్రశ్న ఎందుకు అడిగినట్టు? ఆ షీటులో ఎక్కడో నౌ, టుడే, ర్యాండ్, ఆఫ్‌సెట్ వంటి ఫంక్షన్ ఉండి ఉంటుంది. ఇవి ఫైలు తెరిచినప్పుడల్లా మళ్లీ లెక్కకు వస్తాయి కనుక, మనం చేయి పెట్టకపోయినా మెమరీలోని పట్టిక డిస్కు మీది ఫైలుకు భిన్నమైనట్టే ఎక్సెల్ లెక్కలోకి తీసుకుంటుంది. అది అబద్ధమేమీ కాదు. అయినా ఇలాంటి ప్రశ్నలకు అలవాటుపడిన వేలు, నిజంగా అవసరమైన రోజున కూడా చదవకుండానే వద్దు అని నొక్కేస్తుంది.

సేవ్ కాని మార్పులను కనిపెట్టడానికి ఎవరికైనా మొదట తోచే ఉపాయం ఒక ఫ్లాగ్. ఏదైనా మారగానే దాన్ని ఎత్తుతాం, సేవ్ కాగానే దించుతాం. ప్రోగ్రామర్లు దీన్ని డర్టీ ఫ్లాగ్ అంటారు. ఖర్చు దాదాపు లేదు కానీ, ఒక అక్షరం టైపు చేసి వెంటనే అన్‌డూ చేసినా ఆ ఫ్లాగ్ ఎత్తే ఉంటుంది. దీనికి, ప్రోగ్రాములు రాయడానికి వాడే క్యూటీ లైబ్రరీలో అన్‌డూ చరిత్రను చూసుకునే క్యూఅన్‌డూస్టాక్ అనే భాగం చూపిన పరిష్కారం నాకు ఎంతో నచ్చుతుంది. సేవ్ చేసిన క్షణంలో అన్‌డూ చరిత్రలో మనం ఎన్నో మెట్టు మీద ఉన్నామో అది గుర్తు పెట్టుకుంటుంది. వెనక్కీ ముందుకీ ఎన్నిసార్లు తిరిగినా, మళ్లీ ఆ మెట్టు మీదికి వచ్చామంటే పత్రంలో సేవ్ కాని మార్పు ఏదీ లేనట్టే. ఐదో మెట్టు మీద సేవ్ చేసి, మూడో మెట్టుకు దిగి, అక్కడ కొత్త మార్పు చేస్తే మాత్రం పాత నాలుగు, ఐదు మెట్లు చెరిగిపోతాయి. ఆ తరువాత ఐదో మెట్టుకు చేరినా అది మనం సేవ్ చేసిన ఐదో మెట్టు కాదు. అందుకే ఆ కొత్త మార్పు జరిగిన క్షణంలోనే గుర్తుంచుకున్న సంఖ్య -1గా, అంటే సేవ్ చేసిన మెట్టు ఇక లేదనే గుర్తుగా, మారిపోతుంది. నేనే స్వయంగా రాసి ఉంటే ఈ కిటుకు నాకు తట్టేది కాదేమో.

రెండో దారి, మెమరీలోని డేటాను ఫైలులో రాసే రూపంలోకే మార్చి, బైటుకు బైటు పోల్చడం. ఇక్కడ అసలు కష్టం, అర్థం ఒకటే అయినా బైట్లు వేరుగా ఉండగలగడం. డేటాను పేరు, విలువ జతలుగా రాసే జేసన్ ఆబ్జెక్టులో కీల, అంటే ఆ పేర్ల, వరుస మారినా డేటా అదే. విండోస్‌లో సేవ్ చేసిన ఫైలులో ప్రతి పంక్తి చివరా ఒక బైటు ఎక్కువ ఉన్నా పాఠం అదే. మన తెలుగులోనే ఒక ఉదాహరణ ఉంది. ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే కోడ్‌తో రాయవచ్చు, లేదా ఎత్వానికి ఐత్వపు కింది గుర్తును జోడించి రెండు కోడ్లతోనూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపించినా, ఆ కోడ్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మొదటిదానికి 3 బైట్లు, రెండోదానికి 6 బైట్లు పడతాయి. కాబట్టి పోల్చే ముందు కీలను ఒక వరుసలో పెట్టి, పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఇలాంటి జంట రాతలను ఒకే రాతగా మార్చే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి, తేవాలి. కర్సర్ ఉన్న చోటు, జూమ్ వంటివాటిని ఈ పోలికలోకి రానివ్వకూడదని నా అభిప్రాయం.

ప్రతిసారీ మొత్తం చదివి పోల్చడం పెద్ద ఫైళ్లతో సాగదు. ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే, 2005లో మొదలైన గిట్ అనే సాధనం, ఇండెక్స్ అనే తన జాబితా ఫైలులో ప్రతి ఫైలు పరిమాణం, చివరిసారి మారిన సమయం వంటి వివరాలను దాచుకుంటుంది. అవి సరిపోలితే లోపల చూడదు. అయితే ఇండెక్స్ రాసిన క్షణంలోనే, పరిమాణం మారకుండా ఫైలు మారితే ఆ మార్పు కంటికి ఆనదు. అందువల్ల ఫైలు సమయం ఇండెక్స్ సమయంతో సమానమైనా, దానికంటే తరువాతిదైనా గిట్ ఆ వివరాలను నమ్మకుండా లోపలి పాఠాన్నే పోలుస్తుంది.

ఇంతవరకూ చెప్పినదంతా ఒప్పుకున్నా, మెమరీ, ఫైలు అనే రెండింటినే పోలిస్తే తేడా ఉందని తెలుస్తుంది గానీ, మార్చినది ఎవరో తెలియదు. మనం పత్రం తెరిచి ఉంచగా మరో ప్రోగ్రామ్ అదే ఫైలును తిరగరాసి ఉండవచ్చు. అప్పుడు సేవ్ నొక్కితే పోయేది అవతలివాళ్ల పని. చివరిసారి చదివినప్పుడో, సేవ్ చేసినప్పుడో ఉన్న రూపానికి ఒక హాష్, అంటే ఆ బైట్ల నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య, దాచి ఉంచుకుంటే చిక్కు విడిపోతుంది: మెమరీ ఒక్కటే ఆ హాష్‌కు భిన్నమైతే సేవ్ చేయవచ్చు, ఫైలు ఒక్కటే భిన్నమైతే మళ్లీ చదవవచ్చు, రెండూ భిన్నమై ఒకదానితో ఒకటి కూడా సరిపోలకపోతే మనిషినే అడగాలి.

ఆ హాష్‌ను ఎప్పుడు తీయాలన్నది కూడా ముఖ్యమే. ఆటోసేవ్ వెనకాల రాస్తూ ఉండగా వాడేవారు టైపు చేస్తూనే ఉంటారు. రాయడం ముగిశాక మెమరీ నుంచి హాష్ తీస్తే, ఆ నడుమ టైపు చేసిన రెండు మాటలు ఫైలులో లేకపోయినా సేవ్ అయినట్టే లెక్కలోకి వస్తాయి. డిస్కుకు పంపిన బైట్ల నుంచే హాష్ తీయాలి. ఫ్లాగ్ వాడేవారైతే, ప్రతి మార్పుకూ ఒకటి చొప్పున పెరిగే మార్పు సంఖ్య రాయడం మొదలైనప్పుడు ఎంత ఉందో పక్కన పెట్టుకుని, ముగిశాక అదే సంఖ్య ఉంటేనే ఫ్లాగ్‌ను దించాలి.