తీస్తేనే తెలిసేది

శ్రోతలకు నమస్కారం.

సినిమా తీయడం ఎలా నేర్చుకోవాలని అడిగేవాళ్లకు నేను ఒకటే చెబుతుంటాను. రెండు నిమిషాల కథ అనుకోండి. చేతిలో ఉన్న ఫోన్‌తోనే తీయండి. ఎడిటింగ్ మాత్రం ఇంకొకరికి అప్పగించకండి, మీరే కూర్చోండి. షూటింగ్‌లో మనం ఏం మరిచిపోయామో బయటపడేది అక్కడే.

నా మొదటి చిన్న సినిమాలో ఒకమ్మాయి ఉత్తరం చదివి, గ్లాసు అందుకుని రెండు గుక్కలు నీళ్లు తాగుతుంది. సీనంతా అంతే. ముందు దూరం నుంచి వైడ్ షాట్, తర్వాత దగ్గరగా క్లోజప్ తీశాం. బాగా వచ్చిందని సంబరపడ్డాం. తీరా రెండూ వరసగా పెట్టి చూస్తే, వైడ్‌లో సగానికి వచ్చిన నీళ్లు క్లోజప్‌లో నిండుగా ఉన్నాయి. పైగా గ్లాసు పట్టుకున్న చెయ్యి కూడా మారింది! కంటిన్యుటీ గురించి, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు ఏదీ మారకుండా చూసుకోవడం గురించి, అప్పటికే ఎంతో చదివి ఉన్నాను. అయినా గ్లాసు వైపు చూడాలని తోచలేదు. ఇప్పుడు టేక్ అవగానే ముందు చూసేది చేతులనీ వస్తువులనీ. మధ్యలో వేయడానికి ఉత్తరం మీద ఒక్క షాట్ ఉన్నా ఆ తేడా కప్పిపుచ్చేవాళ్లం. అదీ తీయలేదు.

శబ్దం సంగతి రేడియో వినే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఏ గదీ పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదు. ప్రతి గదికీ తనదైన సన్నని హోరు ఉంటుంది. మాటల మధ్య ఎవరో దగ్గారని ఆ ముక్క కోసేస్తే, అక్కడ గొయ్యి పడ్డట్టు చెవికి తెలిసిపోతుంది. అందుకే ప్యాకప్ చెప్పేముందు అందరినీ కదలకుండా నిలబెట్టి, 30 సెకన్లు ఆ గదినే రికార్డు చేసుకోవాలి. దాన్ని రూమ్ టోన్ అంటారు. ఆ గొయ్యి పూడ్చేది అదే.

1919లో మాస్కోలో ఒక సినిమా బడి మొదలైంది. అక్కడ పాఠాలు చెప్పిన లెవ్ కులెషోవ్‌కు ముడి ఫిల్మ్ దొరకడమే కష్టంగా ఉండేది. కెమెరాలో ఫిల్మ్ లేకుండానే శిష్యులచేత సీన్లు చేయించేవాడు, పాత ఫిల్ములు కత్తిరించి వేరే వరసలో అతికించేవాడు. ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేనిదాన్ని, శవపేటికలో ఉన్న స్త్రీ షాట్ పక్కన ఒకసారి, ఆడుకుంటున్న పాప షాట్ పక్కన ఒకసారి పెట్టారట. చూసినవాళ్లు మొదటిదాంట్లో దుఃఖాన్నీ రెండోదాంట్లో చిరునవ్వునూ చూసి అతని నటనను మెచ్చుకున్నారని కులెషోవ్ శిష్యుడు పుడోవ్‌కిన్ రాశాడు.

అది చదివినప్పుడు నేను సగమే నమ్మాను. మా గ్లాసు తప్పు దిద్దడానికి మర్నాడు ఉత్తరం షాట్ ఒక్కటీ తీసుకొచ్చి, వైడ్‌కీ క్లోజప్‌కీ మధ్యన వేశాం. నీళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ అమ్మాయి కన్నీళ్లు ఆపుకుంటోందన్నారు చూసినవాళ్లు. ఆ టేక్‌లో తను నిజానికి, మేం కట్ ఎప్పుడు చెబుతామా అని ఎదురుచూస్తోంది.