తొంభై రెండు

(2025 జాతీయ గణాంక దినోత్సవం నాడు ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, నన్ను పిలిచిన స్టాటిస్టిక్స్ మేడమ్‌కి, లెక్చరర్లకి, ఆదివారమైనా వచ్చిన పిల్లలకి. జూన్ 29 ఈ ఏడు ఆదివారం పడింది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి పుట్టినరోజు కాబట్టి ముందుకూ వెనక్కూ జరపడానికి లేదు. 1893లో పుట్టేటప్పుడు ఆయనకి మీ సెలవు సంగతి తెలీదు పాపం. కప్పిన శాలువా కుర్చీ మీద పెట్టాను. ఉక్కగా ఉంది, వేరేగా అనుకోకండి.

నాకిచ్చిన విషయం ‘సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సాధనలో జాతీయ గణాంకాల పాత్ర’. టైము ఇరవై అయిదు నిమిషాలు. నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను. నాలుగూ చెబుతానని మాటివ్వను. నేను జాతీయ నమూనా సర్వేలో ఫీల్డులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముప్పై ఏళ్లు జనాన్ని ప్రశ్నలడిగి బతికాను. అందుకేనేమో, నన్ను మాట్లాడమంటే ఎక్కడ ఆపాలో తెలీదు.

మొదటి పాయింటు త్వరగా కానిచ్చేస్తాను. మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఈ ఏడాదితో 75 ఏళ్లు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం. జనం ఏం తింటున్నారో, ఎంత ఖర్చు పెడుతున్నారో తెలీదు. ఇల్లిల్లూ తిరిగి అడగడానికి డబ్బు లేదు, మనుషులు లేరు. అందుకని కొన్ని ఊళ్లు, ఆ ఊళ్లలో కొన్ని ఇళ్లు తీసుకుని అడగడం. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడమంటారు కదా, అదే. కానీ ఆ మెతుకు ఎక్కడిదన్నది ముఖ్యం. అడుగున మాడినచోట తీస్తే ఒక మాట, పైన నీళ్లలో తేలేది తీస్తే ఇంకో మాట. అందుకే ఊరిని మేం ఎంచుకోం, లాటరీలో వస్తుంది. కొండ మీద వచ్చినా వెళ్లాలి.

రెండో పాయింటు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు. ఆయన మనవాడు. పుట్టింది బళ్లారి వైపు హడగలిలో, ఇంట్లో తెలుగే. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లారు. 2023లో ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు, అదే ఏడాది నూటరెండేళ్ల వయసులో పోయారు. ఆయన సిద్ధాంతాలు మీ సిలబస్‌లో ఉన్నాయి, నాకంటే మీ మేడమ్ బాగా చెబుతారు. నేను చెప్పేది వేరే. ఆయన ఒక పుస్తకాన్ని వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తనని లేపి, చదువుకోవడానికి దీపం వెలిగించేదని అందులో రాసుకున్నారు. నాలుగు గంటలు. ఈ టైము గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మూడో పాయింటు. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కూర్చుని 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఒప్పుకున్నాయి. వాటికింద 169 టార్గెట్లు, అన్నీ దాదాపు 2030కే. పేదరికం, ఆకలి, చదువు, నీళ్లు, అన్నీ ఉన్నాయి. మన దేశం 2018లో, ఇదే జూన్ 29న, తన సొంత సూచికల చట్రం విడుదల చేసింది. అందులో 300 పైచిలుకు సూచికలు. ఒక్కో సూచికా ఒక అంకె. ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? కొన్ని ఆఫీసు రిజిస్టర్లలోంచి. మిగతావాటిలో చాలా భాగం ఎవరో ఒకరు గడప దగ్గర నిలబడి, ‘అమ్మా, కాస్త వివరాలు కావాలి’ అంటే వస్తుంది.

ఒక ఉదాహరణ. సజీవంగా పుట్టిన లక్ష మంది బిడ్డలకి ఎంతమంది తల్లులు చనిపోతున్నారన్నది 2030 నాటికి 70 లోపుకి రావాలి. మన దేశంలో 2014-16లో అది 130. 2018-20కి 97 అయింది. మంచి వార్తే. ఈ అంకె లేకపోతే తగ్గుతోందో లేదో ఏ మంత్రికి తెలుస్తుంది? డబ్బు ఏ రాష్ట్రానికి ఎక్కువ కావాలో ఎట్లా తెలుస్తుంది? లెక్క లేని రోగానికి మందు ఉండదు. ఇక్కడిదాకా పాఠ్యపుస్తకం. ఇక నా సంగతి.

ఒకసారి చేతులెత్తండి. అడ్మిషన్ ఫారంలో తల్లి వృత్తి అనే చోట ‘గృహిణి’ అని, ‘హౌస్‌వైఫ్’ అని రాసినవాళ్లెవరు? ఎత్తండి, పర్లేదు. సగానికి పైనే. దింపండి.

మా షెడ్యూల్‌లో అంటే సర్వే ప్రశ్నాపత్రంలో దానికొక కోడ్ ఉంది. తొంభై రెండు. ఏడాదిలో ఎక్కువ కాలం ఏ పని చేశారని ప్రతి మనిషికీ ఒక కోడ్ వేస్తాం. సొంత వ్యవసాయమో వ్యాపారమో అయితే 11. ఇంటి వ్యవసాయంలో, వ్యాపారంలో జీతం లేకుండా సాయపడితే 21. నెల జీతమైతే 31. కూలి అయితే 51. పని వెతుక్కుంటుంటే 81. చదువుకుంటుంటే 91, మీరంతా 91. ఇంటిపని మాత్రమే చేసుకుంటే 92. 11 నుంచి 51 దాకా ఉన్నవాళ్లు పనిచేసేవాళ్లు. 81ని కలిపితే శ్రామికశక్తి. 92 అందులో లేదు. లెక్క ప్రకారం ఆమె పనిచేయనిది.

నేను 1992లో చేరాను. అప్పట్నుంచి ఎన్ని వేల 92లు వేశానో నాకే తెలీదు. మగాయన అరుగు మీద కూర్చునేవాడు, నాకో కుర్చీ వేసేవారు. ‘మీ ఆవిడ ఏం చేస్తుంది?’ ‘ఏం చేస్తుంది సార్, ఇంటికాడే ఉంటుంది.’ 92. ఆ ఇంటావిడ నాకు మజ్జిగ తెచ్చిచ్చేది. మజ్జిగ తాగి పక్కింటికి వెళ్లేవాణ్ణి. రూలు ప్రకారం ఆవిడనే అడగొచ్చు. సాయంత్రంలోగా షెడ్యూళ్లు అయిపోవాలి, బస్సు ఆరింటికి. అడగలేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

2019లో దేశమంతటా మొదటిసారి టైమ్ యూజ్ సర్వే జరిగింది. అంతకుముందు 1998-99లో ఆరు రాష్ట్రాల్లో చిన్న ప్రయోగం చేశారు, మనది అందులో లేదు. ఈ సర్వేలో ప్రశ్న ఒక్కటే. నిన్న తెల్లవారుజామున నాలుగు నుంచి ఈరోజు నాలుగు దాకా ఏమేం చేశారు? అరగంటకో గడి. 48 గళ్లు. ఆరేళ్లు దాటిన ప్రతి మనిషినీ అడగాలి.

మడకశిర వైపు ఒక పల్లె. నేను ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లాను. వివరాలు రాసేది ఒక కాంట్రాక్టు అమ్మాయి, ఇరవై నాలుగేళ్లుంటాయి. ఆ ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. ఇంటాయన అరుగు మీదే ఉన్నాడు. అదే మాట, ‘ఇంటికాడే ఉంటుంది’. నా నోట్లోంచి తొంభై రెండు బయటికి రాబోయింది. ఆ అమ్మాయి నావైపు చూడకుండా లోపలికి వెళ్లి, షెడ్డులో నేల మీద కూర్చుంది. ‘అక్కా, నిన్న పొద్దున నాలుగింటికి ఏం చేస్తున్నావు?’

‘ఏం జేస్తా? ఇంటికాడే ఉంటి.’

‘మరి పురుగులకి ఆకెవరు వేసిరి?’

‘నేనే. నాలుగో జ్వరం లేచినాయి కదా, ఊరుకుంటాయా అవి? మూడున్నరకే లేచి ఏస్తి.’

పట్టురైతుల భాషలో జ్వరం అంటే పురుగు కుబుసం విడవడం. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలి చెప్పనలవి కాదు. షెడ్డులో నిలబడితే అవి ఆకు నమిలే చప్పుడు చిన్న వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. ఇక గళ్లు నిండడం మొదలైంది. నాలుగింటికి ఆకు. నాలుగున్నరకి కసువు ఊడ్చి కళ్లాపి. ఐదింటికి కొళాయి నీళ్లు. ఐదున్నరకి పొయ్యి. ఏడింటికి తోటకి పోయి మల్బరీ కోత. మళ్లీ ఆకు. అత్తకి స్నానం. గొడ్లకి నీళ్లు. మళ్లీ ఆకు. రాత్రి పదిన్నరకి ఇంకోసారి ఆకు. మధ్యాహ్నం ఒక గడి దగ్గర ఆగింది. ‘అప్పుడు ఊరికే కూసున్నా’ అంది. ‘ఊరికేనా అక్కా?’ ‘చంద్రికలు తుడుస్తా కూసున్నా.’ చంద్రికలంటే పురుగులు పట్టుగూళ్లు అల్లుకునే తట్టలు.

అరుగు మీద ఆయన అంతా వింటూనే ఉన్నాడు. చివర్లో ఒక మాటన్నాడు. ‘మార్కెట్‌కి గూళ్లు తీసుకపోయేది మాత్రం నేనే సార్.’ నిజమే. హిందూపురం మార్కెట్‌కి వెళ్లేది, డబ్బు తెచ్చేది ఆయనే. ఆయన 11. ఆ అమ్మాయి ఆవిడకి 92 వేయలేదు. 21 వేసింది. అదే సరైన కోడ్. ఇరవై ఏడేళ్ల సర్వీసున్న నేను బయట నిలబడి చూస్తున్నాను.

ఇది ఒక ఇంటి కథే కదా అంటారు. కాదు. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామికశక్తిలో ఉన్నది 2017-18లో 23.3 శాతం. 2023-24లో 41.7 శాతం. ఆరేళ్లలో అంత పెరుగుదల! నిజంగా అంతమంది కొత్తగా పనిలోకి వచ్చారా, ఇదివరకు చేస్తున్న పనినే ఇప్పుడు సరిగ్గా అడిగి రాస్తున్నారా, ఇంట్లో గడవక దిగారా అని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలే వాదించుకుంటున్నారు. తేల్చడానికి నేను సరిపోను. నాకు తెలిసిందల్లా ఒక్కటి. నా చేతి 92ల్లో కొన్ని 21లు.

ఐదో లక్ష్యంలో 5.4 అని ఒక టార్గెట్ ఉంది. జీతం లేని ఇంటిపనిని, సంరక్షణని గుర్తించి విలువ ఇవ్వాలని. దానికి సూచిక, ఆ పనికి పట్టే సమయం. 2019 దాకా దేశం మొత్తానికి మన దగ్గర ఆ అంకె లేదు. సర్వే అయ్యాక వచ్చింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97. తొంభై ఏడంటే గంటన్నర, మరీ అంత తక్కువేం కాదే అనుకుంటున్నారు కదూ అబ్బాయిలు? ఆగండి. అది ఇంటిపని చేసేవాళ్ల సగటు. అసలు చేసే మగవాళ్లు 26.1 శాతం. ఫోన్లు తీసి గుణించండి. మగజాతి మొత్తానికి పంచితే తలా 25 నిమిషాలు. ఆడవాళ్లలో చేసేది 81.2 శాతం. గుణిస్తే 243. ఏ సగటు చూసినా ఎవరెవరి సగటని అడగండి. ఈ ఒక్కటీ గుర్తుంటే నా ఆటో ఖర్చు గిట్టుబాటైనట్టే.

2024లో రెండోసారి చేశారు. ఆడవాళ్లది 289కి దిగింది, పది నిమిషాలు తగ్గింది. ఆ పదీ మగవాళ్లు అందుకున్నారేమోనని చూశాను. వాళ్లది 88. వాళ్లూ తొమ్మిది తగ్గించుకున్నారు.

రిటైరయ్యాక ఒక రాత్రి భోంచేస్తూ ఇదంతా మా ఆవిడకి చెప్పాను. ఇన్నేళ్లూ నీలాంటివాళ్లకి 92 వేశానని. ఆవిడ చారు పోస్తూ, ‘ఇప్పుడు మీ నంబరెంత?’ అంది. పెన్షనర్లకి 94. చెప్పాను. ‘ఊరికే కూర్చున్నా నాకంటే రెండెక్కువే’ అంది.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. నాలుగో పాయింటు జనగణన, రెండు నిమిషాలు. మీరు ఏ శాతం చూసినా దానికి పైన లవం, కింద హారం ఉంటాయి. మన లవాలు తాజాగా ఉంటున్నాయి. హారం దగ్గరికొచ్చేసరికి 2011. అక్కణ్ణుంచి అంచనా వేసి లాక్కొస్తున్నాం. 1881 నుంచి పదేళ్లకోసారి తప్పకుండా జరిగిన పని, యుద్ధాల్లోనూ ఆగని పని, ఈసారి ఆగింది. కోవిడ్ వచ్చింది, ఒప్పుకుంటాను. కోవిడ్ పోయి ఎన్నేళ్లయింది? పల్లెల్లో సర్వేకి ఊళ్లు తీసేది కూడా ఆ పాత జాబితాలోంచే. వెళ్లి చూస్తే పొలాలున్నచోట కాలనీ ఉంటుంది, ఇళ్లున్నచోట తాళాలుంటాయి. పదేళ్లలో ఒక్కసారైనా జనగణన చేసిన దేశాలెన్ని అన్నది పదిహేడో లక్ష్యంలో సూచికలోనే ఒక భాగం, తెలుసా? అందులో మనం లేం. ఈ నెలలోనే గెజిట్ నోటిఫికేషన్ వచ్చింది, 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగుతుందట. మీలో కొందరు ఇళ్లకెళ్లి లెక్క రాసే ఎన్యుమరేటర్లుగా వెళ్తారేమో.

ఇంకో మాట, ఇది కాగితంలో రాసుకోలేదు. 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలు డేటా నాణ్యత బాగోలేదని విడుదల చేయలేదు. దాంతో 2011-12 తర్వాత 2022-23 దాకా పేదరికం కొలవడానికి మన దగ్గర అధికారిక ఖర్చు లెక్క లేకుండా పోయింది. మొదటి లక్ష్యమే పేదరికం! లోపముంటే లోపంతో సహా బయట పెట్టాలి. ఆ ఫలానా ఊళ్లో ఆ ఇంటివాళ్లు రెండు గంటలు పని మానుకుని ఉప్పు దగ్గర్నుంచి చెప్పారు కదండీ. వాళ్లకేం జవాబు చెబుతాం?

మడకశిర అమ్మాయి గురించి అడుగుతారేమో. కాంట్రాక్టు అయిపోయింది. నియమించిన ఏజెన్సీ మూడు నెలల జీతం ఆపింది, ఏ ఏజెన్సీ అని అడక్కండి. నేను రెండు ఉత్తరాలు రాశాను. జీతం వచ్చింది, ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర ఉందని విన్నాను. నా సర్వీసులో చూసిన మంచి ఇన్వెస్టిగేటర్లలో ఆ అమ్మాయి ఒకతె. ఈ దేశం 17 లక్ష్యాల అంకెలు అట్లాంటివాళ్ల చేతుల్లో పెట్టి, వాళ్లని పదకొండు నెలలకోసారి ఇంటికి పంపుతుంది. ఇది చెప్పడానికే నేను వచ్చాను, మహలనోబిస్ గారి పేరు చెప్పుకుని.

సరే. ఆ వెనక బెంచీ మీద జిరాక్స్ కాగితాలు పెట్టించాను, మేడమ్ ఒప్పుకున్నారు. ఒక్కో కాగితంలో 48 గళ్లు. తలా ఒకటి తీసుకెళ్లండి. అమ్మ గురించి నింపాలి. మీరు ఊహించి రాయకూడదు, పక్కన కూర్చుని అడగాలి. ‘ఊరికే కూర్చున్నా’ అంటే ఇంకోసారి అడగండి. ఒక అరగంటలో రెండు మూడు పనులు చేసి ఉంటే అన్నీ రాయండి. పెన్సిల్‌తో రాయండి, కొట్టివేతలుంటాయి. మొదటి గడి తెల్లవారుజామున నాలుగు గంటలు. సి.ఆర్.రావు గారింట్లో ఆ గడిలో దీపం వెలిగించడం ఉండేది. మీ ఇంట్లో ఏముందో బుధవారం లోపు మేడమ్‌కి ఇవ్వండి. పేరు రాయనక్కర్లేదు.