చార్జర్ కొనే ముందు బ్యాటరీ మీది లేబుల్ చదవండి

అందరికీ నమస్కారం.

మూడు నాలుగు వారాలు ఊళ్లో లేకుండా తిరిగొచ్చి కారు తీద్దామంటే టక్ టక్‌మని చప్పుడు తప్ప సెల్ఫ్ తీసుకోదు. మీలో చాలామందికి ఇది అనుభవమే. తాళం వేసి వెళ్లినా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ కోసం కాచుకుని ఉండే రిసీవర్, కంప్యూటర్ల మెమరీ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్. బ్యాటరీలో నిల్వను కొలిచే లెక్క అది. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ 25 రోజుల్లో సగం ఖాళీ అవుతుంది. అందుకని ఇంట్లో చార్జర్ ఉండటం మంచిదే. ఏ చార్జర్ అన్న దగ్గరే నాకు భయం.

ఆ భయం ఎలా పట్టుకుందో చెబుతాను. మా నాన్నగారు వాడిన బరువైన చార్జర్ ఒకటి మా ఇంట్లో ఉండేది. లోపల ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, పైన ముల్లు ఊగే మీటరు, అంతే. ఒక రాత్రి దాన్ని బ్యాటరీకి తగిలించి పడుకున్నాను. తెల్లారి షెడ్డు తలుపు తీస్తే కుళ్లిన గుడ్ల వాసన. బ్యాటరీ పక్కలు ఉబ్బి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఆ చార్జర్‌కు ఆగడం తెలియదు. బ్యాటరీ నిండాక కూడా కరెంటు తోస్తూనే ఉంటే వోల్టేజీ 16 దాకా ఎగబాకుతుంది, లోపలి నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. ఆ పొద్దున నేను లోపలికి వెళ్లగానే లైటు స్విచ్ వేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అప్పటి కారులో నష్టం బ్యాటరీతో పోయింది. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కు, బ్రేకులకు, ఎయిర్‌బ్యాగులకు, స్టీరింగ్‌కు వేరువేరు కంప్యూటర్లున్నాయి. అవన్నీ అదే బ్యాటరీ మీద బతుకుతాయి. ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఇచ్చే 14 వోల్టుల చుట్టుపక్కల పనిచెయ్యడానికి వాటిని తయారుచేశారు. అదుపు లేని చార్జర్ వోల్టేజీని పెంచడమే కాదు, ఎగుడుదిగుడుగా కూడా పంపిస్తుంది.

షాపులో అందరం ముందు ఆంపియర్లు అడుగుతాం. నేనైతే ముందు వోల్టేజీ ఎక్కడ ఆగుతుందో చూడమంటాను. మంచి స్మార్ట్ చార్జర్ మొదట నిలకడగా కరెంటు ఇస్తుంది. 14.4 వోల్టుల దగ్గరకు రాగానే అక్కడే నిలిచి, కరెంటును మెల్లగా తగ్గించుకుంటూ పోతుంది. నిండాక 13.5 ప్రాంతానికి దిగి కాపలా కాస్తుంది. ప్లస్, మైనస్ తారుమారుగా పెట్టినా, క్లిప్పులు ఒకదానికొకటి తగిలినా కరెంటు వదలదు. ఈ రక్షణలు లేనిది ఎంత చవకైనా వద్దు.

ఇక బ్యాటరీ రకం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లలో ఎక్కువగా మామూలు బ్యాటరీనే గట్టిపరిచిన ఈఎఫ్‌బీ గానీ, యాసిడ్‌ను గాజు పీచులో పట్టి ఉంచే ఏజీఎం గానీ ఉంటుంది. ఏజీఎంకు సుమారు 14.7 దాకా కావాలి. చార్జర్‌లో దాని కోసం మోడ్ ఉండాలి. లిథియం బ్యాటరీ అయితే దానికోసమే చేసిన మోడ్ తప్పనిసరి. గడ్డకట్టే చలిలో దాన్ని చార్జ్ చెయ్యకూడదు కూడా. కొన్ని చార్జర్లలో పాత బ్యాటరీకి ప్రాణం పోస్తామంటూ రీకండిషన్ అనే బటన్ ఉంటుంది. అది 16 వోల్టుల దాకా వెళ్లగలదు. బ్యాటరీ కారులో ఉండగా దాని జోలికి పోకండి. లిథియంకూ, ఏజీఎంకూ తయారీదారు ఒప్పుకుంటే తప్ప అసలే వద్దు.

ఆంపియర్ల సంగతి తేలిక. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు చాలు, 60కి 6. ఇంకా తక్కువైతే ఆలస్యమవుతుంది, నష్టం లేదు. అక్కడికక్కడే ఇంజిన్ స్టార్ట్ చేయించే బూస్ట్ చార్జర్లంటే మాత్రం నాకు నమ్మకం లేదు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్క రాసుకునేది అదే. మీరు నల్ల క్లిప్పును నేరుగా టెర్మినల్‌కు పెడితే చార్జర్ ఇచ్చింది ఆ లెక్కలోకి రాదు. బ్యాటరీ నిండుగా ఉన్నా కారు ఖాళీ అనుకుంటుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ను ఆపి మళ్లీ తీసే స్టార్ట్ స్టాప్ పనిచెయ్యదు. అందుకే నల్ల క్లిప్పును బాడీకి, కారు పుస్తకంలో చూపించిన ఎర్త్ పాయింటుకు పెట్టాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడే ప్రమాదం కూడా దానితో తగ్గుతుంది. ముందు ఎర్రది, తర్వాత నల్లది, ఆ తర్వాతే ప్లగ్గు. తీసేటప్పుడు ముందు ప్లగ్గు. గాలి ఆడే చోటే పెట్టండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోనూ సాధారణంగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ వేరుగా ఉంటుంది. మన చార్జర్ దానికే. హై వోల్టేజీ పారే నారింజ రంగు వైర్ల వైపు చెయ్యి పెట్టకండి.

ఈ బల్ల మీద మూడు బ్యాటరీలు పెట్టాను. చూడటానికి ఒకేలా ఉన్నాయి, మూడూ వేరు. దగ్గరికి వచ్చి లేబుళ్లు చదవండి, ఏది ఏ రకమో చెప్పండి. ప్రశ్నలు అక్కడి నుంచి మొదలుపెడదాం.