పిల్లలు ముందు నడిచే దారులు

సభకు నమస్కారం.

కార్తీకం రాగానే మన అపార్ట్‌మెంట్ల లిఫ్టు పక్కన ఒక కాగితం అంటిస్తారు. వనభోజనాలు, మనిషికి ఇంత, బస్సు ఎనిమిది గంటలకు. బస్సు దిగిన చోటే షామియానా, దాని వెనకాలే వంటవాళ్ల పొయ్యిలు, మైకులో తంబోలా అంకెలు. ఉసిరి చెట్టు ఉండాలి కాబట్టి ఒక కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చుతారు. ఆ పులిహోర మీద నాకు కోపమేమీ లేదు. కాని పిల్లవాడెవడైనా 'వనం ఏది?' అని అడిగితే పెద్దవాళ్లం ముఖాలు చూసుకోవాలి. నడక గురించి మాట్లాడమని నన్ను పిలిచారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

విశాఖలో ఉన్నవాళ్లు చెట్ల కోసం అరకు దాకా వెళ్లనక్కరలేదు. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రం ఒడ్డు దాకా వచ్చేశాయి. సింహాచలం కొండ, కంబాలకొండ, కైలాసగిరి, యారాడ కొండ, వీటి మధ్య మిగిలిన జాగాలోనే మనం ఇళ్లు కట్టుకున్నాం. ఇంత దగ్గర పెట్టుకుని మనం చేస్తున్నది ఏమిటి? కారులో ఘాట్ రోడ్డెక్కడం, కమ్మీల దగ్గర ఫొటో తీసుకోవడం, మొక్కజొన్న పొత్తు తిని దిగిపోవడం. కొండ చూశామంటాం కాని, కొండ మీద కాలు పెట్టిన చోటు నాలుగడుగులు.

కుటుంబంతో నడకకు నేను చెప్పే సూత్రం ఒక్కటే. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లను ముందు నడవనివ్వండి. ఫోనులో అడుగుల లెక్క ఆపేయండి. ఆరేళ్ల పిల్ల ఒక పుట్ట దగ్గర పావుగంట కూర్చుందంటే, ఆ పూట నడకలో అసలు భాగం ఆ పావుగంటే. 'పద పద' అనే నాన్నగారిని వెనక్కి పంపండి, నీళ్ల సీసాలు మోస్తారు.

మొదటి నడకకు కంబాలకొండ మంచిది. జాతీయ రహదారికి ఒకవైపు జూ పార్కు, మరోవైపు ఇది. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉన్న అడవి, 2002లో అభయారణ్యం అయింది. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళితే చెట్ల నీడలో మట్టిదారి ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఎలా ఊడ్చిపారేసిందో మీలో చాలామంది కళ్లారా చూశారు. ఆ తుపానుకు కూలిన చెట్ల జాగాలో ఏమేం లేచి నిలబడ్డాయో చూడడానికైనా వెళ్లాలి.

అక్కడ దారి పక్క, రాతి చూరు కిందో చెట్టు మొదట్లోనో, వాన తగలని పొడి మట్టి వెతకండి. గరాటులా దిగిన చిన్నచిన్న గుంటలు కనిపిస్తాయి, రూపాయి బిళ్ల అంత. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టి చూడమనండి. దారిన పోయే చీమ అంచు మీద కాలు జారుతుంది. పైకి ఎగబాకుతుంది. అడుగున మట్టిలో దాక్కున్న పురుగు తలతో మట్టి ఎగజిమ్ముతుంది, చీమ కాళ్ల కింద గోడ కూలుతుంది. రెండు కొడవళ్లలాంటి కోరలు బయటికి వచ్చి చీమను లోపలికి లాక్కుంటాయి. ఆ పురుగే పెద్దయ్యాక రెక్కలొచ్చి తూనీగలా ఎగురుతుందంటే పిల్లలు నమ్మరు. చిరుత గురించి అడుగుతారు. చిరుతలు ఉన్నాయి, నిజమే. అందుకే పొద్దు వాలకముందే బయటికి రావాలి, గుర్తు పెట్టిన దారి వదలకూడదు, పిల్లల్ని కనుచూపు దాటనివ్వకూడదు.

చిరుతకన్నా ఎక్కువమందిని ఏడిపించేది దూలగొండి. చలికాలంలో పొదల మీద గోధుమరంగు మఖమల్ కాయలు గుత్తులుగా వేలాడుతుంటాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కాబట్టి పిల్లలు తప్పకుండా చెయ్యి వేస్తారు. అంటుకుందా, రుద్దకండి, గోకకండి. అంటుకునే టేపు ముక్క అద్ది నూగును లాగేసి, తర్వాత సబ్బుతో కడగండి. నడక సంచిలో టేపు చుట్ట వేసుకోమని నేను అందరికీ చెబుతాను, అందరూ నవ్వుతారు. ఇక గురివింద గింజలు. ఎర్రగా, నల్లటి బొట్టుతో అందంగా ఉంటాయి. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. చూడండి, నోట్లో మాత్రం వద్దు. సీతాఫలం, నేరేడు, రేగు, కలివి కాయ, వీటిని గుర్తుపట్టే అమ్మమ్మ వెంట ఉంటే తినిపించండి. లేకపోతే ఇంటి నుంచి తెచ్చుకున్నదే తినండి.

సింహాచలానికి వద్దాం. ఈ కొండకు నడిచి వెళ్లిన పాదాలు ఎన్నో శతాబ్దాలవి. గుడిలో పదకొండో శతాబ్ది నాటి శాసనం ఉంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చారు. ఆయన వచ్చినప్పుడు ఘాట్ రోడ్డు లేదు. అడివివరం వైపు కొండ అడుగున ఉన్న మొదటి మెట్టు, తొలిపావంచా నుంచి సుమారు వెయ్యి మెట్లు పైకి వెళతాయి. కొండకు ఇవతల, నగరం వైపు, మాధవధార నుంచి మరో పాత మెట్లదారి ఉంది. నాకు ఈ రెండోదే ఇష్టం. కాలనీ వీధి చివర ఊట నీరు పారే చోట మొదలై, కొండ శిఖరం దాటి అవతల గుడి వైపు దిగుతుంది. ఒక పక్క ఎక్కి మరో పక్క దిగడమంటే పిల్లలకు ఊరు దాటినంత గొప్ప. సింహాచలం సంపెంగలు, అనాస, పనస ఈ కొండ వాలులవే. అనాస చెట్టుకు కాస్తుందనుకునే పిల్లలకు, నేల మీద ముళ్ల ఆకుల మధ్య కూర్చున్న పండును చూపించండి.

కొండ మీద కాళ్ల కింది రాయిని కూడా చూడమనండి. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని ఖోండలైట్ అంటారు, మన కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. వానకు ఎండకు తుప్పురంగు తిరిగి పెళుసుబారుతుంది. అంచులు విరుగుతాయి కాబట్టి రాతి కొసన నిలబడి సెల్ఫీ దిగనివ్వకండి.

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు గిరి ప్రదక్షిణ సంగతి మీకు తెలుసు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. చిన్నపిల్లలతో ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ఆదివారం ఒక్కో ముక్క నడవండి. అడివివరం నుంచి ముడసర్లోవ దాకా ఒక ముక్క, ఒక పక్క కొండ, చివర చెరువు, నీళ్ల మీద తేలే సోలార్ పలకలు. జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం పక్కన మరో ముక్క. హనుమంతవాక కూడలి, ఎన్ఏడీ కూడలి మాత్రం బస్సులో దాటేయండి. అక్కడి పొగలో నడిస్తే పుణ్యం ఎంతో గాని దగ్గు ఖాయం.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు నేను చివరికి దాచుకున్నాను. సముద్ర మట్టం ఇప్పటికన్నా బాగా దిగిపోయిన కాలంలో బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలు వేల ఏళ్లలో తుప్పుపట్టి ఎరుపెక్కాయి. వాన నీరు కోసుకుంటూ పోయి లోతైన సందులు చేసింది. తమిళనాడు దక్షిణ తీరంలో ఇలాంటి ఎర్ర ఇసుక ఉంది గాని మన దగ్గర ఉన్నవి దేశం గుర్తించిన భూవారసత్వ ప్రదేశం. నడవాల్సింది కింద సందుల్లో, మెత్తటి ఇసుక పరుపు మీద. గోడలెక్కవద్దు. ఒక్క పిల్లవాడు జారుడుబండ ఆడితే ఆ గీత మీదుగా వచ్చే వానకు గోడ కూలుతుంది. సీసాలో మట్టి నింపుకోవడం కూడా మానండి. వాన పడిన రోజుల్లో లోపలికి అసలు వెళ్లవద్దు.

అక్కడికి వెళ్లేటప్పుడు గట్టి అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లండి. ముందు బీచిలో ఆగి, అల వెనక్కి పోయిన చోట నల్లటి చారలున్న ఇసుకను ఎండలో ఆరనిచ్చి అయస్కాంతం దగ్గరగా తేండి. నల్లటి రేణువులు మీసాల్లా లేచి అంటుకుంటాయి. గులాబీ రంగువి గార్నెట్ అనే ఖనిజం, నల్లవి ఎక్కువగా ఇల్మనైట్ అనే ఇనుము కలిసిన ఖనిజం. ఇనుము ఇందులో ఉందని చేతితో చూశాక దిబ్బలు ఎందుకు ఎర్రగా ఉన్నాయో మీరు చెప్పనక్కరలేదు, వాళ్లే చెబుతారు.

అదే రోడ్డులో తొట్లకొండ. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ భిక్షువుల గదులు, స్తూపాలు, వంటశాల, కలిసి కూర్చుని తినే భోజనశాల. వాననీటిని పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు. తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా దొరికాయి. పైదాకా కారు వెళుతుంది, కాని కింద ఆపి నడిచి ఎక్కండి. ఇటుకల మీద ఎక్కి ఆడకూడదని మాత్రం ముందే చెప్పండి.

ఇక సామాను. మూసిన బూట్లు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, అనుకున్నదానికి రెట్టింపు నీళ్లు. మన ఊరి ఉక్కలో పిల్లలు దాహం చెప్పేసరికే ఆలస్యం అవుతుంది. రాళ్ల కింద చెయ్యి పెట్టనివ్వకండి. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం వద్దు, ఆ కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. కోతులకు బిస్కట్లు వేయకండి, తర్వాత వచ్చేవాళ్ల సంచులు లాగుతాయి. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే మొదలుపెట్టి ఏడున్నరకల్లా ఇంటికి చేరాలి.

వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు మాధవధార మెట్ల దగ్గర కలుద్దాం. మెట్లెక్కలేని పెద్దలు అడివివరం వైపు నుంచి బస్సులో కొండపైకి వచ్చేయండి, గుడి దగ్గర మేం వచ్చి కలుస్తాం. దిగడం అందరం తొలిపావంచా వైపే. ఐదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు ఈసారి కంబాలకొండ చూసుకోండి, మోసుకుని ఎక్కడానికి ఆ మెట్లు అనువుగా ఉండవు. వాన పడితే ఆ మరుసటి ఆదివారానికి వాయిదా, ఫోను చేసి చెబుతాం.