షెడ్డు అద్దె మీద నడిచిన పాలన

అందరికీ నమస్కారం.

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రం అనగానే చాలామంది షెన్‌జెన్ నగరపు మేడల దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం దాని పక్కనే ఉన్న డోంగ్‌గ్వాన్ నగరానికి, అందులోనూ హూమెన్ పట్టణంలో 1978లో తెరిచిన ఒక హ్యాండ్‌బ్యాగుల ఫ్యాక్టరీకి తీసుకెళ్తాను. మెషిన్లు, సరుకు, నమూనా బ్యాగులు హాంకాంగ్ వ్యాపారివి. చోటు, కుట్టే చేతులు ఊరివి. తయారైన బ్యాగులు తిరిగి హాంకాంగ్‌కే పోయేవి. ఊళ్ళో మిగిలేది కుట్టుకూలి.

ఈ పద్ధతి చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. అసలు కథ అక్కడుంది. చైనాలో పల్లె భూమి ఏ ఒక్క రైతుదీ కాదు, ఊరి ఉమ్మడి ఆస్తి. దాన్ని అమ్మే వీల్లేదు. సరే, షెడ్డు కట్టి అద్దెకివ్వొచ్చు కదా! వరి మళ్ళు పోయి వరసగా షెడ్లు, వాటి వెనకే కార్మికుల డార్మిటరీలు లేచాయి. వచ్చిన అద్దెలోంచి ఊరివాళ్ళకు డివిడెండు పంచారు. నాట్లు వేసిన మనిషి కొన్నేళ్ళలోనే అద్దె తినే మనిషయ్యాడు. డోంగ్‌గ్వాన్ పట్టణాల్లో హౌజియే బూట్లకు, ఫర్నిచర్‌కు పేరుపడితే, డాలాంగ్ స్వెటర్లకు పేరుపడింది.

డోంగ్‌గ్వాన్ పాలనలో ఒక విశేషం ఉంది. నగర ప్రభుత్వం కింద కౌంటీలనే మధ్య అంచె లేదు, నేరుగా 32 పట్టణాలు, నగర ఉపవిభాగాలే. ఫ్యాక్టరీ పెడతానని ఎవరైనా వస్తే బేరమాడేది పట్టణ అధికారే. పక్క పట్టణంవాడు లాక్కుపోకముందే రోడ్డు, కరెంటు చూపించాలి. 1994 పన్నుల సంస్కరణతో విలువ ఆధారిత పన్నులో 75 శాతం కేంద్రానికి పోయింది. భూమిని వాడుకునే హక్కులు ఇచ్చి రాబట్టే సొమ్ము మాత్రం స్థానిక ప్రభుత్వాల దగ్గరే ఉంది. ఇంకేం, అందరి కళ్ళూ నేల మీదే పడ్డాయి. ఇందులో అత్యాశ లేదని కాదు గానీ, ఖజానా లెక్కే వాళ్ళను అటు నెట్టిందని నా అభిప్రాయం.

మరి ఆ షెడ్లలో పనిచేసిందెవరు? హునాన్, సిచువాన్ లాంటి వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన వాళ్ళు. 2020 జనాభా లెక్కల్లో డోంగ్‌గ్వాన్ కోటి దాటింది. అందులో స్థానిక హుకౌ, అంటే ఊరి రిజిస్ట్రేషన్, ఉన్నవాళ్ళు సుమారు పావు వంతే. మిగతావాళ్ళకు ఊరి డివిడెండు లేదు, గ్రామ కమిటీ ఎన్నికల్లో మామూలుగా ఓటు లేదు. పిల్లల్ని ప్రభుత్వ బడిలో వేయాలన్నా తిప్పలే. అద్దెకున్నవాడికి ఇంటి విషయాల్లో మాట చెల్లనట్టే ఇదీనూ.

2008 అక్టోబర్‌లో డోంగ్‌గ్వాన్‌లోని ఝాంగ్‌ముటౌ పట్టణంలో ఒక పెద్ద బొమ్మల ఫ్యాక్టరీ ఉన్నట్టుండి మూతపడింది. వేలమందికి జీతాలు బాకీ. పనివాళ్ళు ప్రభుత్వ కార్యాలయం దగ్గర గుమిగూడారు. రోజుల వ్యవధిలోనే స్థానిక ప్రభుత్వం ఆ బాకీలు తన డబ్బుతో చెల్లించింది. లెక్కల్లో ఊరివాళ్ళు కానివాళ్ళ కోసం అంత తొందర ఎందుకు పడ్డట్టు? జాలితో అనుకోను. అంతమంది రోడ్డెక్కితే అక్కడి అధికారుల ప్రమోషన్‌కే ఎసరొస్తుంది.