స్లో కుక్కర్‌లో రాజ్మా, హామ్ సూప్: ముందుగా పొయ్యి మీద ఒక అరగంట

(దృశ్యం: బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ వంటగది. రాత్రంతా నానిన తెల్ల రాజ్మా గిన్నె.)

నమస్కారం. ఈ గిన్నెలో ఉన్నవి 400 గ్రాముల తెల్ల రాజ్మా గింజలు. నిన్న రాత్రి సగం గిన్నె కూడా లేని ఇవి ఇప్పుడు అంచుదాకా ఉబ్బాయి. ఒక గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు జారి, లోపలి పప్పు రెండు బద్దలుగా విడిపోతోంది. ఈ గింజలతోనూ, ఎముక ఉన్న హామ్ ముక్కతోనూ చిక్కటి సూప్ ఎలా చేయాలో చూద్దాం.

స్లో కుక్కర్ అనేది తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు పాత్ర. దానిలో వంట అంటే అన్నీ ఒకేసారి వేసి, మూత పెట్టి, ఆఫీసుకు వెళ్ళిపోవడమేనని చాలామంది అనుకుంటారు. మాంసం విషయంలో అది నిజమే గాని, రాజ్మా విషయంలో మాత్రం ప్రమాదం. రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఎర్ర రాజ్మాలో ఎక్కువ, తెల్లదానిలో తక్కువ. అయినా సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. బాగా మరిగిస్తే ఈ ప్రోటీన్ నశిస్తుంది. 80 డిగ్రీల దగ్గర మగ్గబెడితే మాత్రం, పచ్చి గింజల కంటే దాని విషప్రభావం పెరిగే అవకాశం ఉంది. స్లో కుక్కర్‌లో వంట గంటల తరబడి ఉండేది సరిగ్గా ఆ వేడి దగ్గరే.

తమాషా ఏమిటంటే, ఈ పాత్ర మొదట అమ్ముడుపోయింది బీన్స్ వండుకోవడానికే. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ 1940లో పేటెంటు పొందిన ఈ పరికరం ‘నాక్సన్ బీనరీ’ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. 1971లో రైవల్ సంస్థ దానినే ‘క్రాక్‌పాట్’గా మార్చి ఇంటింటికీ చేర్చింది.

(దృశ్యం: పొయ్యి మీద గిన్నె, పైకి తేలుతున్న తెల్లటి నురుగు.)

కాబట్టి నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి, తెర్లడం మొదలైనప్పటి నుంచి 30 నిమిషాలు మరిగించాలి. పది నిమిషాలు చాలునని కొందరు చెబుతారు గాని, బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే నేను అరగంటకు తగ్గించను.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా ఇంటి కుళాయిలో వచ్చేది బోరు నీరు. మొదటిసారి ఆ నీళ్ళతో వండితే ఎనిమిది గంటలైనా గింజ పంటికింద గట్టిగానే తగిలింది. ‘నీ పప్పులు ఇక్కడ ఉడకవు’ అన్న మాటకు అసలు అర్థం ఆ రోజే తెలిసింది. కఠిన జలంలోని కాల్షియం గింజల గోడల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టుకుని మెత్తబడనివ్వదు. అప్పటి నుంచి నేను నగరానికి సరఫరా అయ్యే కావేరి నీళ్ళు గాని, ఫిల్టర్ నీళ్ళు గాని వాడుతున్నాను. పులుపు కూడా గింజలను గట్టిపరుస్తుంది కనుక, టమాటా వేయదలిస్తే గింజలు మెత్తబడ్డాకే వేయాలి.

(దృశ్యం: హామ్ ముక్క, ఎముక చివర మెరిసే తెల్లటి మృదులాస్థి.)

హామ్ అంటే ఉప్పులో ఊరబెట్టి నిలవచేసిన పంది తొడ మాంసం. శాండ్‌విచ్‌లో పెట్టే పల్చటి ముక్కలు ఈ సూప్‌కు పనికిరావు. పంది మాంసం దుకాణంలో ఎముకతో ఉన్న హామ్ కాలి ముక్కను అడిగి తీసుకోండి. ఎముక చుట్టూ ఉన్న కొల్లాజెన్ అనే ప్రోటీన్ నెమ్మదిగా జెలటిన్‌గా కరగడం వల్లే సూప్‌కు చిక్కదనం వస్తుంది.

వార్చిన గింజలు, 600 గ్రాముల హామ్ ముక్క, తరిగిన రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, పది మిరియాలు స్లో కుక్కర్‌లో వేసి లీటరున్నర వేడినీళ్ళు పోయండి. బిర్యానీ ఆకు నేను వేయను. మన బిర్యానీ ఆకుకు దాల్చినచెక్క వాసన ఉంటుంది, ఈ సూప్‌కు అది నప్పదని నా అభిప్రాయం. ఉప్పు మాత్రం వేయకండి. ఉప్పు వేస్తే గింజలు ఉడకవన్నది అపోహే. హామ్ ఎంత ఉప్పు వదులుతుందో చివరిదాకా తెలియదన్నదే అసలు కారణం.

స్లో కుక్కర్‌ను ‘లో’ (Low, తక్కువ వేడి) సెట్టింగ్‌లో పెట్టి ఎనిమిది గంటలు ఉంచండి. మధ్యలో మూత తీస్తే పోయిన వేడి తిరిగి రావడానికి అరగంటదాకా పడుతుంది. మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడడానికి బాగానే ఉన్నా పారబోయడమే మంచిది.

‘కుక్కర్‌లో నాలుగు విజిళ్ళకు అయిపోయేదానికి ఇంత తతంగమా?’ అని మా అత్తయ్య అడిగారు. అవుతుంది, కాని గింజలు చితికి పప్పయిపోతాయి. ఇందులో గింజ ఆకారం చెడకుండా లోపల వెన్నలా ఉంటుంది.

(దృశ్యం: ఎముక నుంచి జారిపోతున్న మాంసం.)

ఎముకను బయటికి తీసి, మాంసాన్ని ఫోర్కుతో పీచులుగా విడదీసి, తిరిగి సూప్‌లో కలపండి. గరిటెడు గింజలను గిన్నె అంచుకు నొక్కి మెదిపితే ఇంకాస్త చిక్కబడుతుంది. ఇప్పుడు రుచి చూసి, అవసరమైతేనే ఉప్పు వేయండి. మిగిలినది చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి జెల్లీలా గడ్డకడుతుంది. పాడైందని కంగారుపడకుండా, కాసిని వేడినీళ్ళు పోసి మళ్ళీ ఒక పొంగు రానివ్వండి.